ఫోన్ స్విచాఫ్ చేయకుండా పని మీద ధ్యాస నిలుపుకోవడం ఎలా?

"ఫోన్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టండి, ధ్యాస దానంతటదే కుదురుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ సలహా పాటించగలిగేవాళ్ళు ఎంతమంది? ఇందుకూరుపేట దగ్గరో, కొత్తపట్నం దగ్గరో రొయ్యల గుంట వేసిన రైతు రాత్రిపూట ఫోన్ ఆపలేడు. కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ వేయడం ఆలస్యమైతే పంటే పోతుంది. పైగా నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండే వేళ. కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు నడిచే రోజుల్లో వేడి ఎక్కువైనా తక్కువైనా కబురు అందాలి. అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ళకు అక్కడ రాత్రి అయితే ఇక్కడ పొద్దున. ఆ ఒక్క ఫోన్ కోసమే వాళ్ళు ఎదురు చూస్తుంటారు.

నేను నెల్లూరులో అకౌంట్స్ పని చేస్తాను. నెలనెలా దాఖలు చేసే వ్యాపారులకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క) గడువు. బిల్లులన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. కాబట్టి ఫోన్ వదిలేయమని నేను ఎవరికీ చెప్పను. రావలసిన ఫోన్ వస్తూనే, పనికిరాని పిలుపులు ఆగిపోయే ఏర్పాటు ఒకటి చేసుకోవచ్చు. దాన్ని వరసగా రాస్తున్నాను. అన్నీ ఒకే రోజు చేయకండి. ఒక్కొక్కటీ అలవాటయ్యాక తర్వాతి దానికి వెళ్ళండి.

ధ్యాస చెదిరితే పోయేది ఆ రెండు నిమిషాలే అనుకుంటాం. ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే ఆచార్యురాలు ఆఫీసు ఉద్యోగుల పనితీరును ఏళ్ళ తరబడి గమనించి లెక్క కట్టారు. 2004లో ఒక తెర మీద మనిషి ధ్యాస సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది. ఈమధ్య కాలానికి అది 47 సెకన్లకు దిగింది. పని మధ్యలో ఆగినవాళ్ళు తిరిగి అదే పనికి రావడానికి సగటున 23 నిమిషాలు పట్టిందని కూడా ఆమె చెప్పారు. వెళ్ళినవాళ్ళు నేరుగా తిరిగి రారు, దారిలో ఇంకో రెండు పనులు తగులుకుంటాయి. ట్యాలీలో ఎంట్రీలు వేస్తూ ఒక్క మెసేజ్ చూద్దామని ఫోన్ తీసినవాళ్ళందరికీ ఇది అనుభవమే.

గంట పోయిందని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానండి. వేలితో తోస్తే చాలు, కింద ఎప్పటికీ అయిపోని వరస వస్తూనే ఉంటుందే, ఆ పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తయారు చేశాడు. అంతకుముందు పేజీ చివరికొస్తే ఆగేవాళ్ళం, తర్వాతి పేజీ నొక్కాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించేవాళ్ళం. ఆ క్షణాన్ని తీసేశారు. మనల్ని ఆపే చోటు అందులో లేదు కాబట్టి దాన్ని మనమే కట్టుకోవాలి.

ఎలా కట్టుకోవాలో మన జిల్లా ఒకప్పుడు దేశానికే చూపించింది. 1990ల మొదట్లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ముందు నిలిచిన రోసమ్మ, ఆమెతో నడిచినవాళ్ళు మగవాళ్ళకు బుద్ధులు చెప్పి ఊరుకోలేదు. ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుపడ్డారు. ఆ పోరాటం జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్ళింది. గడప దాటగానే సారా దొరుకుతుంటే ఎంత గట్టివాడైనా సాయంత్రానికి మెత్తబడతాడు. ఫోన్ విషయంలోనూ నేను నమ్మేది ఇదే. మనసు గట్టిచేసుకునే ప్రయత్నం తగ్గించి, దుకాణాన్ని దూరం జరపండి. కింద రాసిన ప్రతి పనీ దుకాణం దూరం జరిపే పనే.

1. రెండు రోజులు ఊరికే చూడండి

ఏమీ మార్చకండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరవండి, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. మొత్తం గంటల లెక్క దగ్గర ఆగిపోకండి. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు, ఏ యాప్ నుంచి ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి అన్నవి చూడండి. మనకు కావలసింది ఆ రెండే.

పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఫోన్ తీసినప్పుడల్లా దేనికోసం తీశారో, పెట్టేముందు ఏం చూశారో రెండు ముక్కలు రాయండి. "ఓటీపీ కోసం తీశాను, స్టేటస్‌లు చూశాను." "టైమ్ చూద్దామని తీశాను, క్రికెట్ స్కోరు చూశాను." రెండో రోజు సాయంత్రానికి మీ జబ్బు ఎక్కడుందో ఆ కాగితమే చెబుతుంది. టైమ్ కోసమే ఎక్కువసార్లు తీస్తున్నారని తేలితే చేతికి ఒక వాచీ పెట్టుకోండి, గోడకు ఒక గడియారం తగిలించండి.

2. ఎవరి ఫోన్ మోగి తీరాలో తేల్చుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది ఫోన్ దగ్గరే పెట్టుకోవడానికి కారణం భయం. అమ్మకు ఒంట్లో బాగుండకపోతే? స్కూలు నుంచి ఫోన్ వస్తే? గుంట దగ్గర కాపలా మనిషి చేస్తే? ఆ భయం తీరకుండా మిగతావి ఎన్ని చేసినా నిలవవు.

కాగితం మీద పేర్లు రాయండి. అర్ధరాత్రి అయినా, పని మధ్యలో అయినా ఎత్తి తీరాల్సిన వాళ్ళు ఎవరు? ఇంట్లో వాళ్ళు, పెద్దవాళ్ళను చూసుకునే మనిషి, పిల్లల స్కూలు, గుంట కాపలాదారు, జనరేటర్ చూసే మనిషి, పక్కింటివారిలో ఒకరు. పదిమంది దాటితే మళ్ళీ కొట్టేయడం మొదలుపెట్టండి. మేనమామ కొడుకు అన్న మొహమాటంతో ఎవరినీ చేర్చకండి.

తర్వాత కాంటాక్ట్స్‌లో ఆ పేర్లకు స్టార్ పెట్టండి. సెట్టింగ్స్‌లో డు నాట్ డిస్టర్బ్ తెరిచి, కాల్స్ దగ్గర స్టార్ ఉన్నవాళ్ళకు మాత్రమే అనుమతి ఇవ్వండి. ఐఫోన్‌లో ఇదే పని ఫోకస్ అన్న చోట, ఫేవరెట్స్ జాబితాతో జరుగుతుంది. దీని కిందే పదే పదే చేసేవాళ్ళకు అనుమతి ఇచ్చే సదుపాయం ఒకటి ఉంటుంది, అదీ ఆన్ చేయండి. అప్పుడు జాబితాలో లేని మనిషి అయినా వెంటనే రెండోసారి చేస్తే మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు రెండో కాల్ రావాలి. ఇంట్లో వాళ్ళకు, దగ్గరివాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచండి: "అర్జెంట్ అయితే వెంటనే రెండోసారి కొట్టండి."

మోటారుకు మొబైల్ స్టార్టర్ (ఫోన్‌తో మోటారును నడిపే పరికరం) బిగించుకున్న రైతులు అందులోని సిమ్ నంబరును కూడా ఒక పేరుతో సేవ్ చేసి స్టార్ పెట్టాలి. ఇది మరిచిపోతే మోటారు ఆగిందని వచ్చే కాల్ వినపడదు.

వాట్సాప్ కాల్స్ సంగతి వేరు. కొన్ని ఫోన్లలో అవి ఈ జాబితా ప్రకారం మోగుతాయి, కొన్నింటిలో మోగవు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి చేత ఒకసారి చేయించి చూడండి. మోగకపోతే, అత్యవసరమైతే మామూలు కాల్ చేయమని చెప్పండి. మొత్తం ఏర్పాటు అయ్యాక జాబితాలో ఉన్న ఒకరితో, లేని ఒకరితో ఫోన్ చేయించి పరీక్షించండి. కళ్ళారా చూస్తేనే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం వచ్చాకే ఫోన్‌ను పక్క గదిలో పెట్టగలుగుతారు.

3. వాట్సాప్‌ను సర్దండి

ఒక్కో ఫోన్‌లో ఎన్ని గ్రూపులు! పదో తరగతి బ్యాచ్, అపార్ట్‌మెంట్, రెండు వైపుల చుట్టాలు, రాజకీయాలు, గుడి కమిటీ, రొయ్యల కౌంట్ (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్లు, పొగాకు వేలం ధరలు. అన్నీ వదిలేయమంటే కుదరదు. గ్రూపులోంచి బయటికి వస్తే మన వైపు అదొక తగువు. వదలనక్కర లేదు.

ప్రతి గ్రూపునూ తెరిచి మ్యూట్ నొక్కండి. ఎనిమిది గంటలు, వారం, ఎల్లప్పుడూ అని మూడు ఉంటాయి. ఎల్లప్పుడూ ఎంచుకోండి. తర్వాత ఆ గ్రూపును ఆర్కైవ్ చేయండి. కొత్త మెసేజ్‌లు వచ్చినా పైకి రాదు. ఎవరైనా మీ పేరు పెట్టి పిలిస్తేనో, మీ మాటకు జవాబిస్తేనో మాత్రం తెలుస్తుంది. కాబట్టి ముఖ్యమైనది తప్పిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. మీ అనుమతి లేకుండా కొత్త గ్రూపుల్లో చేర్చకుండా ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూప్స్ దగ్గర మార్చుకోండి.

రేట్ల గ్రూపులకు రోజులో ఒక వేళ పెట్టుకోండి. రొయ్యల పట్టుబడికి ఇంకా నెల ఉన్నప్పుడు గంటకోసారి కౌంట్ రేటు చూస్తే రేటు పెరగదు, మీ గుండెదడ పెరుగుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు.

ఇక మనుషుల సంగతి. బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే "ఏం బావా, చూసి కూడా పలకలేదే?" అని నిష్ఠూరాలు వస్తాయి. దీనికి సెట్టింగ్ కన్నా మాట బాగా పనిచేస్తుంది. "పొద్దున పది నుంచి పన్నెండు దాకా మెసేజ్‌లు చూడను, తర్వాత తప్పకుండా చూస్తా, అర్జెంట్ అయితే వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ చేయండి" అని ఎక్కువగా రాసే వాళ్ళకు చెప్పేయండి. చెప్పిన తర్వాత పన్నెండింటికి నిజంగా జవాబు ఇవ్వండి. నాలుగు రోజులు మాట నిలబెట్టుకుంటే మనుషులు సర్దుకుంటారు. నా దగ్గర బిల్లులు పంపే వ్యాపారులు సర్దుకున్నారు, వాళ్ళకు కావలసింది పని జరగడమే కదా.

4. ఫోన్‌కు ఒక చోటు పెట్టండి

ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో దాదాపు 800 మందితో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా సరే, బల్ల మీద పెట్టుకున్నవాళ్ళకన్నా పక్క గదిలో వదిలి వచ్చినవాళ్ళు ధ్యాసతో చేసే పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో తేడా ప్రతిసారీ ఇంత స్పష్టంగా రాలేదు. అయినా పక్క గదిలో పెట్టడానికి ఖర్చేమీ లేదు కాబట్టి ముందు చేసి చూడండి.

ఇంట్లో హాల్లో ఒక ఛార్జర్ బిగించి, ఫోన్ అక్కడే ఉంటుందని నియమం పెట్టుకోండి. రింగు గట్టిగా పెడితే స్టార్ ఉన్నవాళ్ళు చేసినప్పుడు వినపడుతుంది. మాట్లాడాలంటే అక్కడికే వెళ్ళి నిలబడి మాట్లాడాలి. నిలబడి రీల్స్ ఎంతసేపు చూస్తారు? కాళ్ళు ఒప్పుకోవు.

ట్రంక్ రోడ్డులోనో, ఒంగోలు మార్కెట్‌లోనో దుకాణం ఉన్నవాళ్ళు, డబ్బు పడిందో లేదో చూడటానికి ప్రతి బేరానికీ ఫోన్ తీస్తారు. సౌండ్ బాక్స్ పెట్టుకుని ఫోన్‌ను సొరుగులో వేయండి. ఎంత పడిందో అదే చెబుతుంది.

నాలాగా కంప్యూటర్ ముందు పని చేసేవాళ్ళను ముంచేది ఓటీపీ. ఓటీపీ కోసం తీసిన ఫోన్ అంత త్వరగా కిందికి దిగదు. వీలైన చోటల్లా ఓటీపీ ఈమెయిల్‌కు కూడా వచ్చేలా పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ వాడుతుంటే దాన్ని మీ సొంత కంప్యూటర్‌కు జత చేసుకుని ఎస్సెమ్మెస్‌లు తెర మీదే చదవచ్చు. పదిమంది వాడే కంప్యూటర్ అయితే ఆ పని చేయకండి. ఓటీపీలు అవసరమయ్యే పనులన్నీ ఒక చోట చేర్చి వరసగా ముగించడం ఇంకో దారి.

బండి నడిపేటప్పుడు ఫోన్ చోటు డిక్కీ. కావలి, ఒంగోలు వైపు జాతీయ రహదారి మీద వెళ్ళేవాళ్ళకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు.

5. యూట్యూబ్, రీల్స్

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని ఆపేసి, పాతదాన్ని చెరిపేయండి. అప్పుడు హోమ్ పేజీ ఖాళీగా కనిపిస్తుంది, మీకు కావలసింది వెతుక్కుని చూడాలి. ఆటోప్లే కూడా ఆపండి. వరిలో తెగులుకు మందు ఏమిటో చూద్దామని వెళ్ళిన రైతు ఆ ఒక్క వీడియో చూసి బయటికి రావడానికి ఇది చాలా ఉపయోగం. రీల్స్ యాప్‌లను ఫోన్ నుంచి తీసేసి, కావాలంటే బ్రౌజర్‌లో తెరవండి. ఖాతా ఎక్కడికీ పోదు. ప్రతిసారీ తెరవడం కాస్త విసుగ్గా ఉంటుంది, మనకు కావలసింది ఆ విసుగే.

6. పనికి కూర్చోవడం

ఎంతసేపు అన్నది మీ ఇష్టం. అలవాటు లేనివాళ్ళు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి, నెల తిరిగేసరికి నలభైకి వెళ్ళవచ్చు. ఒక చిన్న నోట్‌బుక్కు, పెన్ను పక్కన ఉండాలి. మధ్యలో "మిల్లు వాళ్ళకు ఫోన్ చేయాలి", "గ్యాస్ బుక్ చేయాలి" అని గుర్తొస్తుంది. అందులో రాసి పనిలోకి తిరిగి రండి. మనసు వాటిని తవ్వుతూనే ఉండటానికి కారణం మరిచిపోతామన్న భయం. రాశాక ఆ భయం ఉండదు.

తప్పనిసరిగా లేవాల్సి వస్తే, లేచే ముందు ఒక వాక్యం రాయండి: ఎక్కడిదాకా వచ్చాను, తిరిగి రాగానే ఏం చేయాలి. "మార్చి బిల్లుల్లో 42 దాకా అయింది, 43 తేదీ సరిచూడాలి." పని మధ్యలో వదిలి వెళ్తే దాని తాలూకు ఆలోచన కొంత మనతోనే వచ్చి తర్వాతి పనిని పాడు చేస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఇలా ఒక ముక్క రాసి లేస్తే ఆ బరువు తగ్గుతుందని 2018లో ఆమె, మరొకరు కలిసి చేసిన పరిశోధనలో తేలింది. నాకు తెలిసినంతలో, ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభం ఇచ్చే అలవాటు ఇంకొకటి లేదు.

7. ఇంటిల్లిపాదీ కలిసి ఒప్పుకోండి

తండ్రి సోఫాలో పడుకుని ఫోన్ చూస్తూ ఇంటర్ చదివే కొడుకును "ఫోన్ పక్కన పెట్టరా" అంటే ఆ మాటకు విలువ ఉండదు. నియమం పెడితే అందరికీ పెట్టాలి. ఒకటో రెండో పెట్టండి చాలు. అన్నం దగ్గర ఫోన్ ఉండకూడదు అన్నది మంచి మొదలు. చేపల పులుసు వండిన రోజు మొదలుపెట్టండి, ముళ్ళు తీసుకుంటూ తినేటప్పుడు ఎలాగూ రెండు చేతులకూ, కళ్ళకూ పని ఉంటుంది.

పిల్లల చదువు మెటీరియల్ కాలేజీ వాట్సాప్‌లోనే వస్తుంది కాబట్టి ఫోన్ లాక్కుంటే చదువు ఆగుతుంది. వారానికి ఒకసారి ఆ పీడీఎఫ్‌లు ప్రింట్ తీయించి ఇవ్వండి. జెరాక్స్ ఖర్చు ఉంటుంది, అది పెట్టదగిన ఖర్చు. పిల్లవాడు ఫోన్ తెరవకుండా రెండు గంటలు చదవగలుగుతాడు.

ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో రోజంతా ఫోన్ చూస్తుంటే వాళ్ళ మీద ఈ నియమాలు రుద్దకండి. మాట్లాడే మనిషి లేక వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ముందు మీరు వెళ్ళి పక్కన కూర్చోండి.

8. రాత్రి

పడుకునే గదిలోకి ఫోన్ రాకూడదు. పొద్దున లేవడానికి అలారం కావాలంటే ఒక మామూలు అలారం గడియారం కొనుక్కోండి. గుంటలున్నవాళ్ళు, బ్యారన్ నడిపేవాళ్ళు, ఆసుపత్రి డ్యూటీ వాళ్ళు ఇలా చేయలేరు. వాళ్ళకు నేను చెప్పేది కీప్యాడ్ ఫోన్. అందులో రెండో సిమ్ వేసి, ఆ నంబరు మీ జాబితాలోని నలుగురికే ఇవ్వండి, రాత్రి దిండు పక్కన అది పెట్టుకోండి. బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది, మోగితే ఉలిక్కిపడి లేచేంత గట్టిగా మోగుతుంది, చూడటానికి అందులో ఏమీ ఉండదు. పెద్ద ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటుంది.

మొదటి వారం చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది, తోచదు, ఏదో తప్పిపోతున్నట్టు ఉంటుంది. అందరికీ ఉండేదే, కంగారు పడకండి. రెండు వారాల తర్వాత మళ్ళీ డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, ఎన్నిసార్లు ఫోన్ తెరిచారో పాత కాగితంతో పోల్చండి. తగ్గకపోతే పై వాటిలో రెండోది, నాలుగోది మళ్ళీ సరిచూడండి. లోపం దాదాపు ఎప్పుడూ ఆ రెండింటిలోనే ఉంటుంది.

పట్టుబడి రోజు, పొగాకు వేలానికి వెళ్ళే రోజు, ఇంట్లో పెళ్ళి ఉన్న వారం ఈ ఏర్పాటంతా పక్కన పెట్టండి. తెలియని నంబర్ల నుంచి కూడా ముఖ్యమైన ఫోన్లు వచ్చే రోజులవి. డు నాట్ డిస్టర్బ్‌ను చేత్తో ఆపితే మళ్ళీ వేయడం మరిచిపోతారు. అందుకని దానికి రోజూ పది నుంచి పన్నెండు, రాత్రి పది నుంచి ఐదు అని షెడ్యూల్ పెట్టి, ఆ రోజులకు మాత్రం షెడ్యూల్ ఆపి, తిరిగి ఆన్ చేయాల్సిన తేదీని గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి ఉంచండి.